ఆటోమేటిక్ గేరుపెట్టె జబ్బును ఇంటియొద్ద కనుగొను విధము

"గేరుపెట్టె పోయినది" అను రెండు మాటలు మోటారు షెడ్డులో వినబడినంతనే గృహస్థుని ముఖము వాడిపోవుట మనము చూచుచున్నాము. ఏలయనగా ఆటోమేటిక్ కారు యొక్క గేరుపెట్టెను దింపి, విప్పి, మరల కూర్చుటకు అగు వ్యయము, పాతబండి విషయమున, ఒక్కొక్కప్పుడు ఆ బండి వెలలో సగమునకు సమీపించును. అట్టి తీర్పును విన్నవారిలో పలువురు దానికి హేతువేమని అడుగనైన అడుగరు. ఇంజనునుగూర్చి నాలుగు మాటలు చెప్పగలవారు సైతము, గేరుపెట్టె యనగానే అది తమకు అందని విద్యయని ఊరకుందురు. ఇది తగదని మా అభిప్రాయము. గేరుపెట్టెను బాగుచేయుట నిపుణుని పనియే; దానిని ఇంటియొద్ద విప్పుమని మేము ఎవరికిని చెప్పబోము. గాని జబ్బు గేరుపెట్టె లోపల నున్నదా వెలుపల నున్నదా అను సంగతిని కన్నులతోను, చెవులతోను, ముక్కుతోను, ఒక నోటుపుస్తకముతోను చాలవఱకు మనమే తేల్చుకొనవచ్చును. పై తరగతులలో భౌతికశాస్త్రము శ్రద్ధగా చదివిన విద్యార్థికి ఇందులో తెలియని సంగతి యేదియు లేదు. కావున మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. ఎడమకాలికి క్లచ్చిపెడలు లేని ప్రతి బండిని జనులు ఆటోమేటిక్ అనియే పిలుచుచున్నారు. గాని ఆ పేరు క్రింద నాలుగు జాతులు కలవు. మన దేశమున 2014వ సంవత్సరమున మారుతి సెలేరియో కారుతో సామాన్య కుటుంబముల చేతికి వచ్చిన ఏ.ఎం.టి. అనునది నిజమునకు పాత చేతిగేరుపెట్టెయే. క్లచ్చిని నొక్కుట, గేరు మార్చుట అను పనులను మన కాలుచేతులకు బదులు యంత్రము చేయుచున్నది. గేరు మాఱునప్పుడు అది కొంచెము తలయూపుట దాని స్వభావమే గాని జబ్బు కాదు. సి.వి.టి. యందు రెండు కప్పీల నడుమ ఉక్కు పట్టా తిరుగుచుండును. దానికి మెట్లు లేవు గనుక, వేగము కంటె ముందు ఇంజను మ్రోత పెరుగుట దానికి సహజము. డి.సి.టి. యందు రెండు క్లచ్చిలు కలవు. నాలుగవది టార్కు కన్వర్టరు గలది. అన్నిటికంటె ప్రాచీనమైనదియు, అసలు ఆటోమేటిక్ అను పేరునకు తగినదియు ఇదియే. మా పాఠము ముఖ్యముగా దీనినిగూర్చియే. మీ బండి ఏ జాతిదో దానితో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. దానిని చూడకుండ ఈ పరీక్షలకు పూనుకొనినచో, ఏ.ఎం.టి. బండియందు లేని నూనెపుల్లను వెదకుచు ఉదయమంతయు గడుపవలసి వచ్చును.

టార్కు కన్వర్టరు పనిచేయు విధమును తెలిసికొనుటకు మేము తరగతిలో చేయించు వస్తుపాఠము ఒకటి కలదు. రెండు బల్లపంకాలను ఎదురెదురుగా నుంచి, ఒకదానికి మాత్రమే కరెంటు ఇచ్చినచో, దాని గాలి తగిలి రెండవ పంకా తనంతట తిరుగును. రెంటికిని నడుమ ఏ ఇరుసును లేదు. గాలికి బదులు నూనెను, పంకాలకు బదులు ఇరుకైన పెట్టెలోని రెక్కల చక్రములను ఊహించుకొనుడు. ఇంజను ఒక చక్రమును త్రిప్పును. నూనె రెండవ చక్రమును త్రిప్పును. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫొట్టింగరు 1905లో ఈ ఉపాయమునకు పేటెంటు పొందినది ఓడల నిమిత్తము, కార్ల నిమిత్తము కాదు. అమెరికాలో జనరల్ మోటార్సువారు 1939లో హైడ్రామాటిక్ అను గేరుపెట్టెను ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబీలు కార్లలో అమ్మిన పిమ్మట ఈ విద్య వీథులలో విరివిగా వ్యాపించినది. తరువాతి కార్ల గేరుపెట్టెలలో రెండు చక్రముల నడుమ మూడవ రెక్కలచక్రము నొకటి చేర్చిరి. అది తిరిగివచ్చు నూనెను అనుకూలముగా మలచి, బండి కదలునప్పుడు ఇంజను యొక్క త్రిప్పుబలమును ఇంచుమించు రెండింతలు చేయును. అందువలననే దానికి కన్వర్టరను పేరు. వేగము నిలకడపడినప్పుడు రెండు చక్రములను ఒకటిగా బిగించి, నూనెలో వ్యర్థమగు బలమును కాపాడు లాకప్పు క్లచ్చి యొకటి దానిలోనే కలదు.

కన్వర్టరు వెనుక గ్రహచక్రములు ఉండును. నడుమ సూర్యచక్రము, దాని చుట్టును గ్రహచక్రములు, వానిని చుట్టుకొని వలయచక్రము. వీనిలో దేనిని కదలకుండ పట్టుకొందుమో, దేనిని త్రిప్పుదుమో దానిని బట్టి వేగనిష్పత్తి మాఱును. పట్టుకొనుపని పలుచని క్లచ్చిబిళ్లలది. వానిని నొక్కునది నూనె పీడనము. ఆ నూనెను సరియైన దారికి పంపునవి కవాటములు. కవాటములను కదపునవి సోలినాయిడులను చిన్న విద్యుదయస్కాంతములు. వానికి ఆజ్ఞ నిచ్చునది ఒక చిన్న కంప్యూటరు.

దీనిని మన పాఠశాలతో పోల్చినచో సుబోధముగా నుండును. ప్రధానోపాధ్యాయుడు ఉత్తరువు వ్రాయును. బంట్రోతు దానిని తరగతులకు కొనిపోవును. తరగతి దానిని పాటించును. కంప్యూటరు, సెన్సారులు, తీగలు ఉత్తరువు వ్రాయువారు. నూనెయు, దానిని తోడు పంపును, కవాటములును బంట్రోతు. క్లచ్చిబిళ్లలును చక్రములును తరగతులు. తరగతి కదలనప్పుడు తప్పు ముగ్గురిలో ఎవరిదైనను కావచ్చును. తరగతిని దండించుటకు ముందు బంట్రోతు వచ్చెనో లేదో, అసలు ఉత్తరువే వ్రాయబడెనో లేదో విచారింపవలదా? గేరుపెట్టెను విప్పుట యనగా తరగతిని దండించుట. మిగిలిన యిద్దరిని విచారించుటకు విప్పనక్కఱలేదు.

ఇందుకు ఒక ఉదాహరణము. మా యెఱుకలోని ఒక కుటుంబమువారు పాత ఆటోమేటిక్ కారు నొకదానిని కొనిరి. ఒకనాటి యుదయమున మీట పి స్థానమునుండి కదలనేలేదు. ఇంజను చక్కగా తిరుగుచుండెను. మీట మాత్రము ఱాయివలె నుండెను. చూచిన మెకానిక్కు గేరుపెట్టెలో ఏదో పట్టుకొన్నదనియు, దింపవలెననియు చెప్పెను. ఆ యింటి పిల్లవాడు, పదవ తరగతి విద్యార్థి, బండి వెనుక గోడపై ఎఱ్ఱని వెలుగు పడుటలేదని తండ్రికి చెప్పెను. బ్రేకు నొక్కినను వెనుక దీపములు వెలుగుటలేదు. ఇట్టి బండ్లలో బ్రేకు నొక్కినట్లు మీటకు కబురు అందిననే గాని అది పి నుండి వీడదు; పిల్లలు ఆటలాడుచు మీటను లాగినను బండి కదలకుండుటకై పెట్టిన రక్షణ యిది. ఆ కబురు నిచ్చునది బ్రేకుదీపపు స్విచ్చియే. స్విచ్చి చెడినది, మార్చిరి, మీట కదలినది. దాని వెల కొన్ని వందల రూపాయలకు మించలేదు. కావున మీట కదలనప్పుడు ముందు చూడవలసినవి బ్రేకు దీపములును, వాని ఫ్యూజును. మీట ప్రక్కన చిన్న మూత క్రింద చేతితో విడిపించు గంటు పలు బండ్లలో ఉండును. పుస్తకము చూచి దానిని తెలిసికొని యుండుట మంచిది.

ఇక నూనె. ఇది బంట్రోతు మాత్రమే కాదు. ఇది బలమును మోయును, క్లచ్చిలను నొక్కును, చక్రములను ఒరయకుండ కాపాడును, వేడిమిని బయటికి కొనిపోవును. నాలుగు ఉద్యోగములు ఒక్కనికే ఇచ్చినచో ఆతడు అలసిపోవుట వింతకాదు. అందుచేత పరీక్ష ఎల్లప్పుడును నూనెతో ఆరంభింపవలెను.

కొలిచెడు పుల్ల యున్న బండియైనచో ఈ విధముగా చూడవలెను. పదునైదు ఇరువది నిమిషములు నడిపి, సమతలముపై నిలిపి, చేతిబ్రేకు వేసి, చక్రములకు ఇటుకలు ఒత్తుడు. కాలిబ్రేకు నొక్కియుంచి, మీటను ఒక్కొక్క స్థానమునందు క్షణమాత్రము నిలుపుచు అన్నిటను త్రిప్పి, మరల పి యందుంచుడు. ఇంజను తిరుగుచుండగనే పుల్లను తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మరల గ్రుచ్చి తీసి, వేడి గుర్తుల నడుమ నూనె యున్నదేమో చూడుడు. కొన్ని బండ్లలో, ముఖ్యముగా హోండావారి పలు బండ్లలో, ఇంజనును ఆపిన వెంటనే చూడవలెను. ఈ ఒక్క భేదమే కొలతను తాఱుమాఱు చేయును గనుక పుస్తకమే ప్రమాణము. చల్లని నూనె కుంచించుకొని తక్కువగా కనబడును. తక్కువ యని పోసినవారు వేడెక్కిన పిమ్మట ఎక్కువ పోసినవారగుదురు. ఎక్కువైనను కీడే. తిరుగు చక్రములు నూనెను చిలికి నురుగు చేయును, నురుగులోని గాలి నొక్కుకొనిపోవును, పీడనము పడిపోవును, క్లచ్చిలు జాఱును. తక్కువైనను పంపు గాలిని పీల్చి ఇదే ఫలమును కలిగించును. విరుద్ధమైన రెండు తప్పులకు లక్షణము ఒక్కటే యగుట ఇందలి విశేషము.

పుల్ల లేని బండ్లు ఇప్పుడు అనేకములు. వానిలో నూనెమట్టమును క్రిందినుండి, నూనె సుమారు 40 డిగ్రీల వేడిమి యందున్నప్పుడు, ఒక మరను విప్పి చూచెదరు. వేడిమి ఎంత యనునది బండి బండికి మాఱును. ఇది యింటియొద్ద చేయదగిన పని కాదు; జాకీపై నిలిపిన బండి క్రిందికి దూఱుట ప్రాణాపాయము. మెకానిక్కు చేయునప్పుడు ప్రక్కన నిలిచి నాలుగు చుక్కలు తెల్లకాగితముపై అడిగి పుచ్చుకొనవచ్చును.

ఆ తెల్లకాగితపు చుక్కలో ఎంత చరిత్ర యున్నదో చూడుడు. క్రొత్త నూనె సాధారణముగా ఎఱ్ఱగా, పారదర్శకముగా నుండును. ఆ యెఱుపు నూనె గుణము కాదు. కాఱినప్పుడు ఇంజను నూనె నుండి వేఱుగా గుర్తుపట్టుటకు కలిపిన రంగు మాత్రమే. కొన్ని సి.వి.టి. నూనెలు పచ్చగా నుండును. వాడుకచే గోధుమవర్ణమునకు తిరుగుట వార్ధక్యమే గాని మరణము కాదు. రంగు నల్లబడి, మాడిన అన్నపు గిన్నె వంటి కమురువాసన వచ్చినచో క్లచ్చిబిళ్లలపై పూత కాలినదని గ్రహింపవలెను. రంగొక్కటే చూచి తీర్పు చెప్పరాదు. ముక్కు సాక్ష్యము కూడ కావలెను. వ్రేళ్ల నడుమ రాచినప్పుడు గరుకుగా నున్నను, ఎండలో తళుకులు మెఱసినను లోహము అరుగుచున్నదన్నమాట. రాజమహేంద్రవరమున అమ్ము రోజ్‌మిల్కు రంగున, పాలు కలిపినట్లు కనబడినచో నీరు చేరినది. రేడియేటరు లోపలనే గేరునూనెను చల్లార్చు గొట్టము గల బండ్లలో ఆ గొట్టము చిల్లిపడి రెండు ద్రవములు కలియుట కలదు.

నీరు మఱియొక దారిని కూడ వచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినప్పుడు ఎన్నో కార్లు దినముల తరబడి నీట నిలిచినవి. గేరుపెట్టెకు గాలి పీల్చుకొను చిన్న గొట్ట మొకటి పైభాగమున ఉండును. నీరు దానికంటె ఎత్తు వచ్చినచో లోపలికి దిగును. క్లచ్చిబిళ్లలపై నుండు పూత కాగితపు నారవంటి పదార్థముతో చేసి జిగురుతో అతికినది. అది నీటిని పీల్చుకొని ఉబ్బి ఊడిపోవును. కావున నీట మునిగిన బండిని, ఇంటికి దగ్గఱేగదా యని, నడిపి తెచ్చుట మిక్కిలి నష్టకరము. నడుపుటకు ముందే నూనె చూచి, నీరు కనబడినచో మార్పించినవారి గేరుపెట్టెలు దక్కుటకు అవకాశము కలదు. పదిమైళ్లు నడిపిన తరువాత చూచినవారికి ఆ యవకాశము చాల స్వల్పము.

నూనెకు నీటి తరువాతి శత్రువు వేడిమి. వేడిమి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది ఆక్సీకరణ వేగము ఇంచుమించు రెట్టింపగునను రసాయనశాస్త్రపు స్థూలసూత్రమును ఇచ్చట అన్వయింపవచ్చును. నిండు బరువుతో శ్రీశైలము ఘాటురోడ్డు ఎక్కునప్పుడు గేరుపెట్టె తఱచుగా మెట్లు మార్చుకొనుచు కాగిపోవును. అప్పుడు మీటను తక్కువ గేరునందు నిలిపి నడుపుట మేలు. ప్రసంగవశమున ఒక వింత చెప్పుచున్నాము. అమెరికాలో 1970 ప్రాంతము వఱకు ఈ నూనెలో స్పెర్మ్ తిమింగిలపు నూనెను కొంత కలుపుచుండిరి. క్లచ్చిలు మెత్తగా పట్టుకొనుటకు దానిని మించినది లేదని వారి నమ్మకము. ఆ జంతువును వేటాడి తెచ్చు సరకును ఆ దేశము నిషేధించిన పిమ్మట రసాయనశాస్త్రజ్ఞులు వేఱు పదార్థములను కనుగొనవలసి వచ్చెను.

నూనె తఱిగినచో అది ఎక్కడికో పోవుచున్నదన్నమాట. గేరుపెట్టె నూనెను ఇంజనువలె కాల్చదు. రాత్రి బండి క్రింద పెద్ద అట్టముక్క నొకటి పఱచి ఉదయమున చూడుడు. ఎఱ్ఱని మచ్చ గేరుపెట్టెది గాని, స్టీరింగు నూనెది గాని కావచ్చును. నల్లనిది ఇంజనుది. స్వచ్ఛమైన నీటిబొట్లు చల్లని గాలియంత్రమువి. వీనిని చూచి భయపడినవారిని మేమెఱుగుదుము. రంగునీళ్లు రేడియేటరువి, అవి విషము గనుక నాలుకతో పరీక్షింపరాదు. మచ్చ పడిన చోటున అట్టపై ముందుచక్రము గుర్తును కూడ గీసియుంచినచో మెకానిక్కునకు వెదకులాట తగ్గును.

తరువాత బండిని నడుపుచు పరీక్షింపవలెను. నడుపువారు పెద్దలు, వ్రాయువారు పిల్లలు. ఇద్దరి పనియు ఒక్కరు చేయరాదు. నోటుపుస్తకమున బండి చల్లగా నున్నదా వేడెక్కినదా, మీట ఎక్కడ నున్నది, వేగమెంత, ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు, ఏమి జరిగినది అని వ్రాయవలెను. "బండి ఒక విధముగా చేయుచున్నది" అని షెడ్డులో చెప్పుటకును, "వేడెక్కిన పిమ్మట రెండునుండి మూడునకు మాఱునప్పుడు చుట్లు 2000 నుండి 3000కు ఎగయుచున్నవి, చల్లగా నున్నప్పుడు లేదు" అని చెప్పుటకును గల భేదము మన ప్రయోగశాల పుస్తకములు వ్రాయువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

మీటను డి కి మార్చిన పిమ్మట బండి ముందుకు ఒఱగుటకు సాధారణముగా ఒక క్షణము పట్టును. రెండు మూడు క్షణములు పట్టినచో ఆలస్యమే. ఆ యాలస్యము డి యందును ఆర్ యందును సమానముగా నున్నచో రెంటికిని ఉమ్మడియైన నూనెను, వడపోతగుడ్డను, పంపును అనుమానింపవలెను. డి బాగుండి ఆర్ మాత్రము లేనిచో, ఆర్ నకు సంబంధించిన క్లచ్చినో కవాటమునో అనుమానింపవలెను. అన్ని తరగతులును ఉత్తరువు అందలేదన్నచో బంట్రోతును, ఒక్క తరగతియే కదలనిచో ఆ తరగతిని అడుగుట వంటిదే యిది. రాత్రంతయు నిలిచిన తరువాత మొదటిసారి మాత్రమే ఆలసించి, పిమ్మట లేనిచో, కన్వర్టరులోని నూనె రాత్రి క్రిందికి జాఱిపోవుచున్నదని ఊహింపవచ్చును.

ఇంజను మ్రోత పెరిగి బండి వేగము పెరుగనిచో అది జాఱుట. ఈ లక్షణమును ఉపేక్షింపరాదు. జాఱు క్లచ్చి వేడెక్కును, వేడిమి నూనెను మాడ్చును, మాడిన నూనె క్లచ్చిని మఱింత జాఱవిడుచును. ఇట్టి బండిని మట్టము చూచి సరిచేసిన తరువాతను జాఱినచో ఇక నడుపక, షెడ్డునకు ఎక్కించి పంపుటయే మంచిది.

అదురు వేఱు. గంటకు 50 మొదలు 80 కిలోమీటర్ల నడుమ, సమమైన రోడ్డుపై, యాక్సిలరేటరుపై కాలు తేలికగా నున్నప్పుడు, గరుకు గీతలపై పోవుచున్నట్లు ఒకటి రెండు క్షణములు బండి వణకినచో లాకప్పు క్లచ్చిని అనుమానింపవలెను. ఖాళీ రోడ్డుపై, వెనుక బండ్లు లేనప్పుడు, బ్రేకు దీపము వెలుగునంత మాత్రము పెడలును తాకినచో పలు బండ్లలో కంప్యూటరు లాకప్పును విడుచును. ఆ క్షణముననే వణకు ఆగినచో అనుమానము బలపడును. ఆగక, ఎత్తు ఎక్కునప్పుడు మఱింత హెచ్చి, ఇంజను దీపము మినుకుమినుకుమనినచో తప్పు ఇంజనుది. నిప్పురవ్వ సరిగా పడుట లేదు. ఈ రెంటిని ఒకటిగా పొరబడి గేరుపెట్టెను దింపించుట కలదు. లాకప్పు వణకు తొలిదశలో నున్నచో, తయారీదారు చెప్పిన రకపు క్రొత్త నూనెతోనే మానుట తఱచు. అయితే ఒకసారి మర విప్పి దింపిన నూనె మొత్తములో సగమునకు మించదు. తక్కినది కన్వర్టరులోనే యుండును. కావున కొంత నడిపి రెండవసారి మార్పించవలసి వచ్చును.

డి నుండి ఆర్ నకు మార్చునప్పుడు "ధన్" అని దెబ్బ వినబడినచో ముందుగా చూడవలసినది ఇంజనును, గేరుపెట్టెను మోయు రబ్బరు దిమ్మెలను. బానెట్టు తెఱచి, నడుపువాడు బ్రేకును గట్టిగా నొక్కి, యాక్సిలరేటరును తాకకుండ మీటను మార్చుచుండగా, చూచువాడు బండికి ప్రక్కన నిలువవలెను, ఎదుట నిలువనేకూడదు. ఇంజను అంగుళముల కొలది ఎగిరిపడినచో దిమ్మె చీలినదని తెలియును. శబ్దములలో, బండి నిలిచియుండగా ఇంజను చుట్లతో హెచ్చుతగ్గులగు కూత పంపుది గాని కన్వర్టరుది గాని కావచ్చును; బండి కదలినప్పుడు మాత్రమే వచ్చి వేగముతో పెరుగునది బేరింగుదో, ఒక్కొక్కప్పుడు అరిగిన టైరుదో కావచ్చును.

బండి ఒక్క గేరులోనే, తఱచు మూడవదానిలో, నిలిచిపోయి మాఱకున్నచో భయపడనక్కఱలేదు. కంప్యూటరు తనకు అందిన కబురు నమ్మరానిదని తలంచి, ఇల్లు చేఱుటకు చాలునంత సాయము మాత్రము చేయుచున్నది. ఇంజనును ఆపి మరల వేసినప్పుడు కొంతసేపు బాగుండి మరల అదే స్థితి వచ్చినచో తీగలు, సెన్సారులు, సోలినాయిడులు విచారణకు రావలెను. ఇందుకు స్టీరింగు క్రింద ఓ.బి.డి. అను పదునాఱు రంధ్రముల సాకెట్టు కలదు. అమెరికాలో 1996 నుండి దీనిని కార్లన్నిటికిని విధించిరి, మన దేశపు క్రొత్త కార్లలోను ఇది యున్నది. చవుకగా దొరకు చదివెడు పరికరమును దానికి తగిలించి, చేతిఫోనులో సంకేతములను చూడవచ్చును. పి 0700 అను సంకేతము కనబడినచో పలువురు గేరుపెట్టె పోయినదనియే అనుకొందురు. దాని యర్థము అది కాదు. గేరుపెట్టె కంప్యూటరు వద్ద ఏదో ఫిర్యాదు వ్రాసియున్నది, వెళ్లి చదువుకొనుము అని మాత్రమే. చదువగా పి 0715 వచ్చినచో లోపలికి వచ్చు ఇరుసు వేగమును కొలుచు సెన్సారు మార్గము, పి 0720 వచ్చినచో బయటికి పోవు ఇరుసుది, పి 0740 లాకప్పు క్లచ్చి మార్గము, పి 0750 మొదటి సోలినాయిడు మార్గము. మార్గమని ఏల యంటిమనగా, సంకేతము వస్తువును పట్టి చూపదు; తీగ తెగినను, ఎలుక కొఱికినను, ప్లగ్గులో నీరు దిగినను అదే సంకేతము వచ్చును. పి 0730 మాత్రము గేరునిష్పత్తి తప్పినదని చెప్పును. నూనె కూడ మాడియున్నచో అప్పుడు తరగతినే అనుమానింపవలసిన సమయము వచ్చినది. సంకేతములను చెరిపివేయుటకు ముందు తేదీతో పుస్తకమున వ్రాసికొనుడు. చెరిపిన సాక్ష్యమును మెకానిక్కు తిరిగి తేలేడు.

సంకేతములు పలువిధములుగా, పొంతన లేకుండ వచ్చినచో బ్యాటరీని కొలువుడు. నిలిచిన బండిలో సుమారు 12.6 వోల్టులు, ఇంజను తిరుగునప్పుడు 13.5 మొదలు 14.7 వోల్టుల నడుమ నుండవలెను. కరెంటు చాలని సోలినాయిడు తడబడును. కంప్యూటరు దానిని పెద్ద జబ్బుగా వ్రాసికొనును.

చేయకూడని పనులు కొన్ని కలవు. బ్రేకును నొక్కిపట్టి యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి చూచు స్టాల్ పరీక్ష నిపుణులది; కొన్ని క్షణములలోనే నూనె మండిపోవును, బ్రేకు జాఱినచో మనుష్యులు పోవుదురు. చెడిన ఆటోమేటిక్ బండిని, నడుపు చక్రములు నేలపై దొరలుచుండగా, త్రాటితో లాగించరాదు. ఇంజను తిరుగనప్పుడు పంపు తిరుగదు, నూనె లేకయే లోపలి చక్రములు ఒరసికొనును. సీసాలలో అమ్ము "గేరుపెట్టె మందులు" రబ్బరు ముద్రలను కొన్నాళ్లు ఉబ్బించి కాఱుటను మఱుగుపఱచగలవేమో గాని, కాలిన క్లచ్చికి పూత పూయలేవు. నూనె మార్చినందుననే గేరుపెట్టె చచ్చినదని చెప్పు వాడుక యొకటి కలదు. మా విచారణలో అట్టివి పలుమాఱు అప్పటికే మాడి జాఱుచున్నవియే. జబ్బు ముదిరిన పిమ్మట వైద్యుని పిలిచి, వైద్యుడు వచ్చినందున రోగి పోయెననుట వంటిది.

ఇంత చూచిన తరువాత షెడ్డునకు పోవునప్పుడు నోటుపుస్తకమును, తెల్లకాగితపు చుక్కను, అట్టముక్కను వెంట కొనిపొండు. గేరుపెట్టెను దింపవలెనని మెకానిక్కు చెప్పినచో, అంతకు ముందు దాని అడుగుగిన్నెను విప్పి చూపుమని మర్యాదగా అడుగవచ్చును. అది కొద్ది గంటల పని. గిన్నెలో అయస్కాంతము ఉండును. దానిపై బూడిదవంటి మెత్తని నల్లపేస్టు పలుచగా పట్టియుండుట ప్రతి వాడిన గేరుపెట్టెలోను సహజము. దానిని చూపి "ఇదిగో అరిగినది" అన్నచో తొందరపడి ఒప్పుకొనకుడు. గోటికి తగులు లోహపు ముక్కలు గాని, క్లచ్చిపూత రేకులు గాని, ఇత్తడి పొడి గాని కనబడినచో ఆతడు చెప్పినది నిజమే. దింపుటకు ఒప్పుకొని, తీసిన పాతభాగములను తమకు అప్పగింపవలెనని బిల్లుపై ముందుగనే వ్రాయించుకొనుడు.